సంకలో బ్యాటరీ

కొండ మీది పోస్టుకు చేరేసరికి సాయంత్రం నాలుగు. నేలంతా గడ్డకట్టిన మంచు. ఉత్తరపు గాలి. వీపున వైర్‌లెస్ సెట్టు, రెండు బ్యాటరీలు, కిరసనాయిల్ డబ్బా. నాది మదనపల్లె, సిగ్నల్స్‌లో టెక్నీషియన్‌ని. మా పైన, శిఖరం దగ్గరి బంకర్లో ఉన్న మెషిన్‌గన్నర్‌ది కుప్పం.

శత్రువు మా మాటలు వింటున్నాడని అనుమానం. మీరిద్దరూ మీ ఊరి భాషలోనే మాట్లాడుకోండని సుబేదార్ ఆర్డర్. ఆ చలికి బ్యాటరీలు చచ్చిపోయేవి. విడి బ్యాటరీని చొక్కా లోపల, సంకలో పెట్టుకుని వెచ్చగా కాపాడుకునేవాళ్లం.

"ఏమప్పా మదనపల్లె, బతికుండావా?"

"ఉండానప్పా. నీ బ్యాటరీ యాడ?"

"సంకలో. కోడిపెట్ట మాదిరి పొదుగుతాండా. పిల్లలైతే నీకొగటి పంపిస్తాలే."

తెల్లవారుజామున ఐదున్నరకు ఆ మాట. ఐదూ నలభైకి పైన షెల్ పడింది. ఎంత పిలిచినా అతని సెట్టు పలకలేదు.

యుద్ధం ముగిసింది. సర్వీసు అయ్యాక ఇంటికి వచ్చేశాను. ఒకరోజు పుంగనూరు నుంచి ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. అప్పట్లో పత్రికా విలేకరి. ఇప్పుడు ఉద్యోగం మానేసి, యుద్ధం గురించీ, ఆ తర్వాత ఇళ్లల్లో మిగిలినదాని గురించీ పుస్తకం రాస్తున్నాడు. గన్నర్ నినాదం చేస్తూ నేలకొరిగాడని ఆనాడు రాసింది ఆయనే.

"ఎవురో చెప్తే రాసేసినానప్పా. వాళ్లమ్మ నమ్మలా. నువ్వొచ్చి చెప్పల్ల," అన్నాడు.

ఇద్దరం బస్సెక్కి కుప్పం పోయాం. ఆమె వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. గోడకు ఆ వార్త, ఫ్రేము కట్టి ఉంది.

"మావోడు అట్ల అరిసే రకం కాదు నాయనా. నిజంగా ఏమన్నాడు?"

విలేకరి తల వంచుకున్నాడు. కోడిపెట్ట మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చేతిలో కాయ ఆగిపోయింది. కొంగుతో నోరు మూసుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"ఇదీ మావోడు," అంది.

విలేకరి గోడవైపు చూశాడు. "ఆ ఫ్రేము తీసేద్దునా అమ్మా?"

"ఉండనీలేప్పా. ఊరోళ్లు ముచ్చటపడి కట్టించినారు. పుస్తకంలో మాత్రం ఇది రాయి."

ఆయన అదే రాశాడు.

షెల్ పడిన రోజు మధ్యాహ్నం మేం పైకెక్కాం. అతని మీసాల నిండా మంచు. ఎడమ చెయ్యి మాత్రం ఒంటికి గట్టిగా అదిమి ఉంది. సంకలోంచి బ్యాటరీ తీసి నా సెట్టుకు తగిలించాను. ఛార్జి చూపే మీటరులో ముల్లు లేచింది.