సోమయాజులు గారు కట్టిన హాలు, మూసిన హాలు

సోమయాజులు గారు ఇక లేరని ఫోను వచ్చినప్పుడు నేనొక పత్తి జిన్నింగు మిల్లు పైకప్పు మరమ్మతు చూస్తున్నాను. అక్కడే రేకుల మీద కూర్చుండిపోయాను. నిద్రలోనే గుండె ఆగిందట. దుఃఖం కన్నా ముందు నాకు కోపం వచ్చింది. ఆయనతో తేల్చుకోవలసిన మాట ఒకటి మిగిలి ఉండగానే అంత నిశ్శబ్దంగా వెళ్ళిపోవడం అన్యాయమనిపించింది. సంస్మరణ వ్యాసంలో రాయదగిన సంగతి కాదని తెలుసు. కానీ ఆయన గురించి అబద్ధం రాస్తే ముందుగా కోప్పడేది ఆయనే.

ఎరగని వారి కోసం రెండు మాటలు చెప్పాలి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిర్చి నిలవ ఉంచే కోల్డ్ స్టోరేజీలు, పత్తి మిల్లులు, గోదాములు ఎన్నిటికో రూపశిల్పి ఆయన. పొదిలిలో పౌరోహిత్యం చేసుకునే కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగు చదివి, గర్భగుడికి ఎంత శ్రద్ధ కావాలో గిడ్డంగికీ అంతే కావాలని నమ్మిన మనిషి. నేను ఆయన దగ్గర చేరిన రోజున, "మీ వాళ్ళేం చేస్తారోయ్ దానియేలూ?" అని అడిగారు. మా అమ్మా, పిన్నీ మిరపకాయలకు తొడిమలు తీస్తారని కాస్త బెరుగ్గానే చెప్పాను. "అయితే నువ్వు నాకు పనికొస్తావు. నిలబడ్డావేం, కూర్చో" అన్నారు. ఆ కుర్చీలోనే నా యౌవనమంతా గడిచింది.

ఆయనకొక నియమం ఉండేది. కొత్త గోదాము కట్టించుకోవాలని ఎంతటి యజమాని వచ్చినా, కాగితం మీద గీత పడకముందే ఆ యజమానిని తొడిమలు తీసే ఆడవాళ్ళ మధ్య ఒక పూట నేల మీద కూర్చోబెట్టేవారు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోవడానికి వీల్లేదు. ఇస్త్రీ చొక్కాల పెద్దమనుషులు తుమ్మి, దగ్గి, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. "సరుకుకు ఎంత చల్లదనం కావాలో లెక్కవేసి చెప్పేస్తాను. మనిషికి ఎంత గాలి కావాలో మాత్రం అక్కడ కూర్చుంటేనే తెలుస్తుందండీ" అనేవారు. కూర్చోనన్న వాళ్ళ పని ఆయన ఒప్పుకునేవారు కాదు.

వెంకట్రావు గారనే యజమాని అలాగే కూర్చున్నాడు. కాసేపటికే లేచి బయటికి పరుగెత్తాడు. లోపల నవ్వులు వినపడేసరికి పౌరుషం వచ్చి, ముఖం కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. సాయంత్రం ఎర్రబడిన కళ్ళతోనే గురువుగారి చేతులు పట్టుకుని, "వీళ్ళకేం కావాలో అది ముందు కట్టండి సార్, నా బస్తాల సంగతి తర్వాత" అన్నాడు. అలా పుట్టింది ఆ తొడిమలు తీసే హాలు.

ఎత్తైన కప్పు. పడమటి ఎండ లోపలికి రాకుండా, ఘాటు మాత్రం పైనుంచి బయటికి పోయేలా అమర్చిన కిటికీలు. చలిగదుల్లోంచి బస్తాలు మోసుకొచ్చే హమాలీలు ఒక్కసారిగా మండుటెండలో పడకుండా, కాసేపు నిలబడి ఒళ్ళు సర్దుకోవడానికి మధ్యలో ఒక వరండా. కట్టడం సగంలో ఉండగా ఒక రోజు ఆ ఆడవాళ్ళ మధ్యే కూర్చుని ఉన్న గురువుగారు, పొద్దుటి నుంచీ ఆడవాళ్ళెవరూ కుండ దగ్గరికి వెళ్ళలేదని గమనించారు. "నీళ్ళెందుకు తాగటం లేదమ్మా?" అని వాళ్ళలోనే ఉన్న మా పిన్ని రూతమ్మను అడిగారు. పిన్ని తల దించుకుని, "తాగితే మళ్ళీ లారీలోళ్ళ ముందునుంచి దొడ్డికి పోవాలి గదయ్యా" అంది. మర్నాడే అప్పటికి లేచిన గోడ కొట్టించి, మరుగుదొడ్ల దారి హాలు వెనకవైపుకు తిప్పించారు. వెంకట్రావు గారు గొణిగినా లెక్కచేయలేదు. అదిగో, ఆ రోజు నేను ఆయనకు మనసులో సాష్టాంగపడ్డాను.

తర్వాత కాలం మారింది. సింగరాయకొండ నుంచి గుంటూరు దాకా హైవే పొడవునా పార్సిళ్ళు నిలవ ఉంచే పెద్ద పెద్ద షెడ్లు లేచాయి. కొత్త రాజధాని వస్తుందన్న తుళ్లూరు వైపు భూముల మాట ఎత్తితే చాలు, టీ కొట్టు దగ్గర కూడా అద్దెల ముచ్చటే. ఒక పార్సిల్ కంపెనీ వచ్చి వెంకట్రావు గారి హాలు అడిగింది. వాళ్ళకు కిటికీలు అక్కర్లేదు, దుమ్ము రాకూడదు, నాలుగు వైపులా గోడ ఉండాలి. ఆయన సరేనన్నాడు. ఆడవాళ్ళను లారీలు ఆగే చోటు పక్కన రేకుల షెడ్డులోకి పంపించారు.

అది చెప్పింది పిన్నే. "మీ సారే గదరా కొలతలు తీయించుకుపోయింది. కారులోనే కూర్చున్నాడు. మమ్మల్ని చూసి అద్దం కూడా దించలా" అంది. నేను నమ్మలేదు. నీకు చూపు ఆనలేదని పిన్నినే కసిరాను.

మర్నాడు ఆఫీసులో అడిగాను. "ఆ గోడ మీరే గీశారా?"

"నేనే. నేను కాదంటే ఇంకొకడు గీస్తాడు. నేను గీశాను గనక ఆ షెడ్డయినా వచ్చింది. వయసైపోయిందోయ్, అందరితో పోట్లాడే ఓపిక నాకు లేదు."

"వాళ్ళకు చెప్పారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎంతసేపటికీ మళ్ళీ పెట్టుకోలేదు. నేను లేచి వచ్చేశాను. ఇతరులెవరు మోసం చేసినా ఇంత బాధ ఉండేది కాదు. నాకు నిటారుగా నిలబడడం నేర్పిన మనిషే వంగిపోతే, నేర్చుకున్నదంతా ఏం చేసుకోవాలి?

సంతాప సభలో వెంకట్రావు గారు కన్నీళ్ళ పర్యంతమయ్యాడు. "సరుకు కన్నా మనిషి ముఖ్యమని మాకు నేర్పిన మహనీయుడు" అన్నాడు. చప్పట్లు మోగాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతకన్నా మంట, వేదిక మీది ఫోటోలో గురువుగారు ప్రశాంతంగా నవ్వుతూ ఉండడం చూస్తే పుట్టింది.

సభ అయ్యాక చూస్తే, పిన్ని గేటు బయట నిలబడి ఉంది. కూలి మానుకుని వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. "ఆయన కోసం నువ్వెందుకు ఏడుస్తావు పిన్నీ?" అన్నాను కోపంగా.

"ఏడవనా మరి? మాకింత నీడ కావాలని తెలుసుకున్నోడు ఆయనొక్కడేరా" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, "మూసినందుక్కాదు నా బాధ. ఎవుడో ఒకడు మూసేవాడే. కట్టేటప్పుడు మా మధ్య కింద కూర్చుని అడిగాడు గదా. మూసేటప్పుడూ వచ్చి ఒక్క ముక్క చెబితే ఏమయ్యేది? తిట్టేవాళ్ళం. ఏడ్చేవాళ్ళం. తర్వాత మేమే టీ తెప్పించి ఇచ్చి పంపేవాళ్ళం. ఆ మాత్రం మనుషులం కామనుకున్నాడా?" అంది.

ఈ మిర్చి నేల మీద కూలి మనిషి ఊపిరిని కూడా లెక్కలోకి తీసుకుని గోడ కట్టిన స్థపతి ఆయనకు ముందు లేడు, ఇక ముందు వస్తాడన్న ఆశా నాకు లేదు. ఆ లోటు పూడేది కాదు. గురువుగారూ, నాకు తెలిసిన విద్యంతా మీరు పెట్టిన భిక్ష. అందుకు మీకు శిరసు వంచి నమస్కరిస్తున్నాను. క్షమించడం మాత్రం నా చేతిలో లేదు. అది రూతమ్మను అడగాలి, మీరే వచ్చి అడగాలి. ఆమె ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది. అడగడానికి మీరు లేరు.