చేపల పెట్టెల మధ్య దక్షిణ ధ్రువం

దక్షిణ ధ్రువ ఖండపు మట్టిలో పుట్టిన బ్యాక్టీరియాను మండవల్లి బడి పిల్లలకు చూపిస్తానని గొప్పగా మాటిచ్చినప్పుడు మార్చి ఎండ సంగతి నాకు గుర్తు రాలేదు. నేను తాడేపల్లిగూడెంలో మైక్రోబయాలజీ చెప్పే లెక్చరర్ని. ఒక పరిశోధన సంస్థ నాకు అరువిచ్చినవి ఆ బ్యాక్టీరియా ఉన్న మూడు గాజు గొట్టాలు. ఎవరికీ ఇవ్వను, అమ్మను, మూడూ బతికుండగానే తిరిగి అప్పగిస్తానని సంతకం పెట్టాను. చలిలో పనిచేసే ఇలాంటి జీవుల కోసం సబ్బుల కంపెనీలూ మందుల కంపెనీలూ కాచుకుని ఉంటాయి. ఆ మంచు ఖండాన్ని చూసుకోవడానికి దేశాలు ఒప్పందం రాసుకున్నాయి గానీ, అక్కడి జీవులతో వచ్చే లాభం ఎవరిదన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు.

ఉదయం ఏడింటికి గణపవరం మీదుగా ఆకివీడు వెళ్ళి బస్సు మారాను. రెండో బస్సు కైకలూరు దాటగానే మొరాయించింది. ఐస్‌బాక్సు తెరిస్తే అంతా నీళ్ళే. రెండు వందలకు ఆటో మాట్లాడుకున్నాను.

"ఐసేగా అండీ! ఈ పక్క మంచినీళ్ళు దొరక్కపోయినా ఐసు దొరుకుద్ది," అంటూ డ్రైవరు చెరువుగట్టు పక్కన చేపల ప్యాకింగ్ షెడ్డు ముందు ఆపాడు.

పెట్టెల్లో ఐసు నింపే మరియమ్మగారు నా కథంతా విని, "మరి అక్కడ పంచాయతీ లేదాండీ?" అని అడిగారు.

"ఉందండీ. లాభం ఎవరిదన్న తగువే ఇంకా తీర్చలేదు."

ఆవిడ నవ్వి, గొట్టాలను థర్మోకోల్ పెట్టెలో పెట్టి, కిందా పైనా ఐసు పొడి కూరి, నన్ను టీ తాగి రమ్మన్నారు. వచ్చేసరికి నా పెట్టె లేదు. అలాంటి తెల్లపెట్టెలే నిండుగా ఎక్కించుకుని లారీ కదులుతోంది. ఎక్కడికని అడిగితే అస్సాం అన్నారు. "ఆపండి!" అని అరుస్తూ లారీ వెంట పరిగెత్తాను.

"ఏవండీ, కంగారు పడకండి! మీది ఇక్కడుందండీ," అని వెనక నుంచి మరియమ్మగారి కేక.

కాటా వెనక నీడలో ఉంది నా పెట్టె, చుట్టూ వరిగడ్డి తాడుతో. ఇంటి కూరకని పక్కన పెట్టిన పెట్టెకు అలా గడ్డి కడతారట, ఇక కూలీలెవరూ దాన్ని ముట్టరట. మూత తీసి చూశాను. మూడు గొట్టాలూ చల్లగా ఉన్నాయి. హమ్మయ్య! ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

పదకొండింటికి మండవల్లి బడిలో పిల్లలు మైక్రోస్కోపులో వాటి కదలిక చూసి కేకలు పెడుతుంటే, నా ప్రాణం పూర్తిగా కుదుటపడింది. సాయంత్రం తిరుగు బస్సులో కూడా ఒడిలోని పెట్టెకు ఆ తాడు విప్పలేదు. ఈ దారిన చల్లటి వస్తువు తీసుకెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే: ఏ ప్యాకింగ్ షెడ్డులో అడిగినా ఐసు పెడతారు, కానీ టీకి వెళ్ళేముందు గడ్డి కట్టించుకోండి. పొద్దున షెడ్డులో డబ్బు ఇవ్వబోతే తీసుకోకుండా మరియమ్మగారు నాతో అన్నది ఇదే:

"ఎవరిదో తెలీకపోతే ఎవరో ఒకరు ఎక్కించుకుపోతారండీ. ఆ మంచు దేశానికీ ఓ గడ్డి పరక కట్టమనండి."