చెత్తబుట్టలోంచి కదలని పాట

మా పిన్నికి కోపం వస్తే ముందు కంప్యూటరు మౌసుకు తెలుస్తుంది. ఆ రోజు పొద్దున్నుంచీ దాన్ని టకటకా నొక్కి చంపుతోంది పాపం. మా జిరాక్సు షాపుకి టైపిస్టు, ప్రింటరు, అర్జీలు నింపే మనిషి అన్నీ ఆవిడే. వెనక గదిలో బాబాయి పుస్తకాలు బైండింగు చేస్తాడు. నేను కౌంటరు చూస్తాను.

గొడవంతా ఒక పాట గురించి. కిందటి నెల బాబాయి పుట్టినరోజుకి మేమంతా వెంటపడితే పిన్ని పాడింది. పై స్వరానికి వెళ్ళేసరికి గొంతు కీచుమంది. బుద్ధి తక్కువై నేను దాన్ని రికార్డు చేసి కంప్యూటర్లో పెట్టాను. ఇవాళ మధ్యాహ్నం బాబాయి వాళ్ళక్క వస్తోంది. ఆవిడ చెవిన పడిందంటే ఇక జన్మంతా దెప్పుతూనే ఉంటుందని పిన్ని భయం.

ఫైలుని చెత్తబుట్టలో పడేసింది. బుట్ట ఖాళీ చెయ్యబోతే, ఆ ఫైలు వాడుకలో ఉంది, తీసెయ్యడం కుదరదు అని వచ్చింది.

“ఎవరే వాడేది? దీని ముందు నేనే కదా కూచున్నది!”

“ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యి పిన్నీ.”

“ఊరుకోవే! ఇది లేవాలంటే అరగంట. అంతసేపు బయట జనం ఆగుతారా?”

అదీ నిజమే. మా షాపులో రాత్రిళ్ళు స్క్రీను ఆపుతాం గానీ కంప్యూటరు ఆపం. ఫైలు పేరు మార్చింది, తిట్టింది, బతిమాలింది. పదకొండయినా అది ఉన్నచోటే ఉంది.

నాకూ ఒళ్ళు మండి, కుర్చీ లాక్కుని తెరిచి ఉన్నవన్నీ ఒక్కొక్కటే చూశాను. అర్జీలన్నిటి అడుగున ఒక చిన్న ప్లేయరు. అందులో పిన్ని పాట నడుస్తోంది! శబ్దం మాత్రం బాబాయి బ్లూటూత్ ఇయర్‌ఫోనుకి పోతోంది.

వెనక గదిలోకి పరిగెత్తాం. బాబాయి అట్టకి జిగురు రాస్తూ తలూపుతున్నాడు. ముప్పై ఏళ్ళలో పిన్నిని ఒక్క మాట మెచ్చుకోని మనిషి!

పిన్ని ఆయన చెవిలోది లాగి తన చెవిలో పెట్టుకుంది.

“రోజూ ఇదేనా?”

“పొద్దున షాపు తెరవగానే పెట్టుకుంటా. అయిపోతే దానంతటదే మళ్ళీ మొదలవుతుంది.”

“గొంతు కీచుమంది కదండీ!”

“అక్కడే బాగుంటుంది,” అన్నాడు బాబాయి, జిగురు డబ్బా వంక చూస్తూ.

పిన్ని కళ్ళు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది. గబగబా వెళ్ళి ఫైలుని బుట్టలోంచి బయటికి తీసింది.

బాబాయి వాళ్ళక్క వచ్చేసరికి పాట స్పీకర్లో మోగుతోంది. నేరుగా లోపలికి వెళ్ళబోతున్న ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది పిన్ని.

“ఒక్క నిమిషం ఆగండి వదినా, కీచుమనే చోటు వస్తోంది.”