రాండల్ గాడిస్ నంబరు

షికాగో దక్షిణాన ఉన్న ఆ బస్సు డిపోలో మనిషికి పేరు తర్వాత సంగతి. ముందు నంబరు. ఎవరు ఎవరికన్నా ముందు ఉద్యోగంలో చేరారో చెప్పేదే ఆ నంబరు. ఏడాదిలో నాలుగైదుసార్లు డ్యూటీల ఎంపిక జరుగుతుంది. గోడకి చార్టులు అంటిస్తారు. సీనియారిటీ వరసలో ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, ఏ రూటు, ఏ వేళ, వారంలో ఏ రెండు రోజులు సెలవు, ఎంచుకోమంటారు. ముందున్నవాళ్ళు మంచి ముక్కలు ఏరుకుంటారు, చివరివాళ్ళకి ఎముకలు మిగులుతాయి. వేరే ఊరి బస్సుల్లోకి మారితే ఇన్నేళ్ళ నంబరూ గాల్లో కలిసిపోతుంది, మళ్ళీ అడుగునించి మొదలు. ఆ డిపోలో పెళ్ళాలని వదులుకున్నవాళ్ళున్నారు, మొగుళ్ళని వదులుకున్నవాళ్ళున్నారు. నంబరు వదులుకున్నవాళ్ళు మాత్రం లేరు.

రాండల్ గాడిస్ అక్కడ పదేళ్ళు దాటి బస్సు నడుపుతున్నాడు. నంబరు మధ్యస్థంగా ఉంటుంది. ఎముకా కాదు, మంచి ముక్కా కాదు. మధ్యాహ్నం తిరిగాక డ్యూటీ దిగి, యూనిఫాం మీదే లా కాలేజీకి పోతాడు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కోసం నడిపే సాయంత్రం బ్యాచి అది. పగలు చదివేవాళ్ళకి మూడేళ్ళు పట్టే చదువు వీళ్ళకి నాలుగేళ్ళు. నర్సులు, పోలీసులు, బడిపంతుళ్ళు, ఒక బస్సు డ్రైవరు. మొదటి ఏడాది ఫలితాలు వచ్చినప్పుడు ఆ బ్యాచిలో ఒకటో ర్యాంకు బస్సు డ్రైవరుది.

జీవితంలో ఎక్కడా ఒకటో నంబరు కానివాడికి అది ఎలా ఉంటుందో ర్యాంకులు అలవాటైనవాళ్ళకి తెలియదు. రాండల్ ఆ వేసవంతా నిటారుగా నడిచాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ అతను లా చదవడానికి దిగిందే యూనియన్ పని వల్ల. ఎవరో డ్రైవరు మీద పైవాళ్ళు చర్య తీసుకుంటే, విచారణలో పక్కన కూర్చుని మాట్లాడే ప్రతినిధి అతనే. కేసు పెద్దదైతే యూనియన్ తరఫున ఒక లాయర్ల ఆఫీసు వస్తుంది. ఆ ఆఫీసులో చేరాలి, విచారణ బల్లకి ఇవతలవైపు డ్రైవర్ల పక్కన లాయరుగా కూర్చోవాలి. రాండల్‌కి కావలసింది అదొక్కటే. ఒకసారి కాగితాలు ఇవ్వడానికి అక్కడికి వెళ్ళినప్పుడు గోడనిండా పట్టాలు కనిపించాయి. దాదాపు అన్నీ ఉత్తరాన సరస్సు ఒడ్డునున్న పెద్ద కాలేజీవే. మా కాలేజీ వాళ్ళని తీసుకుంటారా అని ముందు కూర్చున్నావిడని సరదాగా అడిగాడు. ఆవిడ చాలా దయగా నవ్వింది. ఆ దయని అతను నెలల తరబడి మరిచిపోలేదు.

పెద్ద కాలేజీకి దరఖాస్తు పెట్టాడు. అక్కడా సాయంత్రం బ్యాచి ఉంది. కాకపోతే వదిలిపోవడానికి కూడా ఇక్కడి మాస్టారి సిఫార్సే కావాలి. కాంట్రాక్టుల చట్టం చెప్పే ముసలాయన ఉత్తరం రాసిచ్చి, చాలా బాగా రాశానోయ్, అదే నా బాధ అన్నాడు. ఆగస్టు మొదట్లో సీటు వచ్చింది. మార్కులు వెంట రావు, చదివిన సబ్జెక్టులు చదివినట్టు లెక్కేసుకుంటారంతే. ర్యాంకు ఉండదు. ఒకటో ర్యాంకు వాడని పాత కాలేజీ తగ్గించిన సగం ఫీజు కూడా పోతుంది. జవాబు చెప్పడానికి గడువు, డిపోలో రాండల్ వంతు ఎంపిక జరిగే రోజు సాయంత్రం.

ఇక్కడే అసలు ముడి పడింది. పెద్ద కాలేజీ ఊరికి అటు చివర. క్లాసు మొదలయ్యేదీ ముందే. ఇప్పుడున్న డ్యూటీ దిగి పోతే సగం పాఠం అయిపోతుంది. తెల్లవారకముందు ఎక్కి మధ్యాహ్నానికే దిగే డ్యూటీ కావాలి. అలాంటివాటిలో శని ఆదివారాలు సెలవున్నవి పెద్ద నంబర్లవాళ్ళు ఎగరేసుకుపోతారు. రాండల్ దాకా వచ్చేసరికి మిగిలేవి వారం మధ్యలో సెలవులున్నవే. ఆదివారం పోతుంది. ఆదివారం పోవడమంటే చర్చి అయ్యాక అత్తగారు మిసెస్ పెట్‌వే ఇంట్లో భోజనం పోవడం. ఆదివారం ఆవిడ చేతి భోజనం అల్లుడికి తప్పడం అతను జ్వరంతో పడుకున్న రోజున కూడా జరగలేదు. గిన్నె ఇంటికే వచ్చింది, వెనకాల ఆవిడా వచ్చింది.

భార్య షెవాన్ మందుల షాపులో పనిచేస్తుంది, మాటలు కూడా మోతాదు చూసే ఇస్తుంది. పోతే పో, ఉంటే ఉండు, రాత్రి పక్కమీద అటూ ఇటూ దొర్లడం మాత్రం ఆపు అంది.

కాలేజీ స్నేహితురాలు గ్రాసియేలా ఓచోవాకి చెప్పడమే కష్టమైంది. ఆసుపత్రిలో బిల్లులు చూసే మనిషి. ఏడాది పొడుగునా ఇద్దరూ డోనట్ల కొట్లో కూర్చుని ఒకరినొకరు ప్రశ్నలు వేసుకుని చదివారు. ఆమెది రెండో ర్యాంకు. విన్నాక కాఫీలో చక్కెర కలుపుతూనే ఉంది.

"ఏమంటావ్?" అన్నాడు రాండల్.

"నన్నడక్కు. నువ్వు పోతే నేను ఫస్టు. పొమ్మంటే ఆశపడి చెప్పినట్టుంటుంది, ఉండమంటే నాకు నేనే అబద్ధం చెప్పుకున్నట్టుంటుంది."

"స్నేహితురాలిగా అడుగుతున్నా."

"స్నేహితురాలిగానే చెప్తున్నా, వేరేవాళ్ళని అడుగు."

వేరేవాళ్ళంటే డిపోవాళ్ళు. అక్కడ పెర్నెల్ ఓగల్స్‌బీ ఉన్నాడు. నంబరు వరసలో రాండల్ తర్వాతి మనిషి. ప్రతి ఎంపికలోనూ రాండల్ వదిలేసినదాని మీద వాలేవాడు. రాండల్‌ని లాయరు గారూ అనే పిలుస్తాడు.

"లాయరు గారూ, తలకేమైనా దెబ్బ తగిలిందా? ఒకటో నంబరు చేతిలో పెట్టుకుని వేరే గుంపు చివర పోయి నిలబడతావా? చిన్నపిల్లలు కూడా చెయ్యరు ఆ పని."

గదిలో ఉన్నవాళ్ళంతా పెర్నెల్ పక్షమే. చెప్పొద్దూ, రాండల్ కూడా లోపల్లోపల పెర్నెల్ పక్షమే. నంబరు అంటే అతని ఒంట్లో దిగిపోయిన అర్థం అది. ఏళ్ళు పోసి కూడబెట్టేది, గుండెలకి హత్తుకునేది, చచ్చేదాకా వదలనిది.

ఎంపిక రోజు పొద్దున విశ్రాంతి గదిలో మిస్ వర్లీన్ టట్ కాఫీతో కూర్చుని ఉంది. డిపో మొత్తానికి ఒకటో నంబరు ఆవిడ. అందరికన్నా ముందు గదిలోకి వెళ్ళే హక్కున్న మనిషి. అయినా ప్రతిసారీ డెబ్భై తొమ్మిదో వీధి సాయంత్రం బండే తీసుకుంటుంది. కొత్తగా చేరినవాళ్ళు కూడా తప్పించుకుందామనుకునే బండి అది. బడి పిల్లల గోల, తాగుబోతులు, అడుగడుగునా స్టాపులు. ఆవిడకి మతి చలించిందని డిపోలో ఒక అభిప్రాయం. ఆవిడ ముందు ఎవరూ అనలేదు.

"మళ్ళీ అదేనా, మిస్ వర్లీన్?" అన్నాడు రాండల్.

"అదే. నాకు పొద్దున్నే లేవడం చేతకాదు. పిల్లలు గోల చెయ్యకపోతే స్టీరింగు మీదే నిద్రపోతా. నీ మొహమేంటి అలా ఉంది?"

చెప్పాడు. ఆవిడ మధ్యలో ఒక్కసారే అడ్డుపడి, ఆ లాయర్ల ఆఫీసులో డ్యూటీలు ఎవరు పంచుతారని అడిగింది. ఎవరూ పంచరని, పెద్దవాళ్ళు ఎంత చెప్తే అంత చెయ్యాలని అతనన్నాడు. అయితే అక్కడ యూనియన్ లేదన్నమాట అని ఆవిడ పెదవి విరిచింది. తర్వాత అంది,

"ఆ పెద్ద కాలేజీవాళ్ళు నీకు సీటెందుకిచ్చారు?"

"ఇక్కడ ఫస్టు వచ్చానని."

"మరింకేం. ఆ ఫస్టు ర్యాంకే నీ నంబరు అనుకో, అది పట్టుకుని గదిలోకి వెళ్ళావు, చార్టు చూశావు, కావాల్సిన డ్యూటీ ఖాళీగా ఉంది. వేలు పెట్టి చూపించడానికి చెయ్యి రావట్లేదు నీకు."

"చూపిస్తే నంబరు పోతుందిగా."

"నేను రూటు చెప్పి బయటికొచ్చాక నా నంబరుతో ఏం చేస్తాననుకున్నావ్? కూర వండుకుంటానా? బస్సెక్కినవాళ్ళెవరూ నీ నంబరెంత అని అడగరు నన్ను. ఆలస్యమైందని తిడతారు."

రాండల్ నవ్వాడు గానీ ఆవిడ నవ్వలేదు.

"ఉండిపోవడం తప్పని నేననట్లేదు. ఇరవై ఏళ్ళుగా ఒకే బండి నడిపేదాన్ని, నేనెలా అంటాను. నాకా బండి ఇష్టం. నీకు నీ పాత కాలేజీ ఇష్టమా, అక్కడ నీ పేరు పైన ఉండటం ఇష్టమా? అది చూసుకో."

ఆ ప్రశ్న వెయ్యకపోతే బాగుండేది. ముసలి మాస్టారంటే ఇష్టం. డోనట్ల కొట్టంటే ఇష్టం. కానీ ఆవిడ అడిగిన క్షణంలో కళ్ళముందుకి వచ్చింది మాస్టారూ కాదు, గ్రాసియేలా కాదు. ఫలితాల పట్టికలో మొదటి వరసలో తన పేరు. వేసవంతా దాన్ని ఫోనులో తీసి తీసి చూసుకున్నాడు. పెద్దవాడు చెయ్యాల్సిన పనేనా అనిపించి చెవులు వేడెక్కాయి.

కొంతసేపటికి పిలుపొచ్చింది. గదిలో గుమాస్తా తలెత్తకుండానే, నీ పాత డ్యూటీ ఇంకా ఉంది గాడిస్, అదే రాసెయ్యనా అన్నాడు. ఆ ఒక్క మాటకి ఊఁ కొడితే అన్నీ ఉన్నచోటే ఉండేవి. ర్యాంకు, సగం ఫీజు, ఆదివారం. రాండల్ చార్టు దగ్గరికి నడిచాడు. అనుకున్నట్టే, తెల్లవారుజాము బండ్లలో మిగిలినవన్నీ వారం మధ్య సెలవులవే. వెస్టర్న్ ఎవెన్యూ బండి ఒకటి, సెలవు మంగళ, బుధ. దాని మీద వేలు పెట్టాడు.

"నిజంగానా?" అన్నాడు గుమాస్తా, ఇప్పుడు తలెత్తి.

"రాసెయ్."

బయటికొస్తుంటే పెర్నెల్ లోపలికి పోయాడు. రాండల్ టోపీ పెట్టుకునేలోపే తిరిగొచ్చాడు, మొహం పెళ్ళికొడుకులా ఉంది. పదేళ్ళు కాచుకున్న రాండల్ డ్యూటీ దొరికింది మరి. "నీకు మతిపోయింది లాయరు గారూ, దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అని భుజం చరిచి పోయాడు.

పార్కింగులో నిలబడి షెవాన్‌కి ఫోను చేశాడు. ఆమె ఒక్కటే అడిగింది, సెలవులేవని. చెప్పాడు. అటువైపు ఎవరో మందులు అడుగుతున్న మాటలు వినబడ్డాయి.

"సరే. మా అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో" అంది, పెట్టేసింది.

గాడిస్ ఎన్నో విచారణల్లో కూర్చున్నవాడు. ఎదుటివాళ్ళ లాయర్లు ముగ్గురేసి వచ్చినప్పుడు కూడా తడబడలేదు. మిసెస్ పెట్‌వే వంటింటి గుమ్మంలో మాత్రం టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ఆకుకూర కడుగుతోంది. కాలేజీ సంగతి, ర్యాంకు సంగతి, లాయర్ల ఆఫీసు గోడ సంగతి, అన్నీ వరసగా చెప్పి, చివరికి ఆదివారాలు పోయి సెలవు మంగళ, బుధవారాలకి మారిన సంగతి చెప్పాడు.

ఆవిడ నీళ్ళు కట్టేసింది. చేతులు తుడుచుకుంది.

"ఎన్నాళ్ళు?"

"మూడేళ్ళు. ఎంపికలో అదృష్టం బాగుంటే తక్కువే."

"బుధవారం నాకు చర్చిలో బైబిలు క్లాసు" అంది ఆవిడ. "మంగళవారం రా. షెవాన్‌నీ తీసుకురా. పుస్తకాలు తెచ్చుకుంటే తెచ్చుకో గానీ నా బల్ల మీద పెట్టకు."

రాండల్ ఆవిడ ఇంటి మెట్ల మీద కూర్చుని, ఫోను తీసి, పెద్ద కాలేజీకి వస్తున్నానని జవాబు పంపాడు.