సాక్షి సీసాలో మిగిలిన పులుపు

ఆ రోజుల్లో నా ఆస్తంతా నా నాలుకే. ఇప్పుడు ఆ నాలుకకి డాక్టరమ్మ తాళం వేసి, తీపి వద్దు, ఉప్పు తగ్గించు అని చీటీ రాసిచ్చింది గానీ, ఒకప్పుడు ఇదే నాలుక చిత్తూరు పక్కన ఒక మామిడి జ్యూసు ఫ్యాక్టరీలో డ్రమ్ముల తలరాత రాసేది. మా ఇంట్లో ఈ సంగతి ఎత్తితే పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. తెల్లారి కళ్లు తెరిచీ తెరవకముందు, ఇంకా సగం కలలో ఉన్నప్పుడు, అప్పుడప్పుడూ ఆ ఫ్యాక్టరీ వాసన నా దిండు దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. పండిన బెంగుళూరా మామిడికాయల వాసన, ఆవిరి వాసన, తడిసిన గోనెపట్టాల వాసన, వాటన్నిటి మధ్యలో సన్నగా ఇంకో వాసన. ఆ ఇంకో వాసన గురించే ఈ కథ.

నేను చదివింది అయిదో తరగతి. మాది ఐరాల పక్కన పల్లె. మామిడి కాలం మొదలైతే మా మేనమామ నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఫ్యాక్టరీకి తీసుకుపోయేవాడు. ఆయన పని డ్రమ్ములు దొర్లించడం, అందుకని అందరికీ ఆయన డ్రమ్ము మామే. నా పని కోత బల్ల దగ్గర. పొద్దున్నించీ సాయంత్రం దాకా తడినేల మీద నిలబడి కాయలు కోయాలి. కాళ్లు నానిపోయి, వేళ్ల సందులు తెల్లగా ఉబ్బి, రాత్రికి నావి కావన్నట్టు ఉండేవి. ఒకరోజు అన్నాల వేళ, పక్కనున్న డ్రమ్ములోంచి కొంచెం గుజ్జు వేలితో తీసి నాకి, "ఇది రేపటికి పొంగుతాది" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడు ఆ డ్రమ్ము మూత లేచి గోడ దాకా చిమ్మింది. గోడ తుడిచినవాళ్లు నా మాట గుర్తు చేసుకున్నారు. అది పెద్దాయన చెవిన పడింది. (పెద్దాయన అంటే ఫ్యాక్టరీ ఓనరు. తెల్ల పంచె, నుదుటన నామం, నోట్లో ఎప్పుడూ లవంగం.) ఆయన నన్ను పిలిచి మూడు గిన్నెల్లో గుజ్జు పెట్టించి రుచి చూడమన్నాడు. మధ్య గిన్నె పులుపు తిరుగుతోందని చెప్పాను. ఆ రోజు నుంచి నాకు స్టూలు వేశారు.

ఆ స్టూలు విలువ మీకెట్లా చెప్పేది? నూటికి పైగా ఆడవాళ్లు నిలబడి పని చేసే షెడ్డులో కూర్చునే ఆడమనిషిని నేనొక్కదాన్నే. మూడు కాళ్ల చెక్క స్టూలు, ఒక కాలు కొంచెం పొట్టి. దాని మీద కూర్చుంటే నాకు తేరు మీద ఊరేగుతున్నట్టే ఉండేది. తీపి ఎంతుందో చూడ్డానికి అద్దం పెట్టిన ఒక సాధనం ఉండేది గానీ, గుజ్జు పులవడం మొదలుపెట్టిన తొలి గంటని అది కనిపెట్టలేదు. నా నాలుక కనిపెట్టేది. నాలుక కొసన చిన్న చీమ నడిచినట్టు ఉంటుంది, అంతే.

దానికో పద్ధతి ఉండేది. డ్రమ్ము నా ముందుకొస్తుంది. ముందుగా ఒక గాజు సీసా నింపి, మూత బిగించి, చీటీ అంటించి, ఐసు గదిలో అరమీద పెట్టాలి. దాని పేరు సాక్షి సీసా. రేపు ఎవరైనా "బాగుండే సరుకు పారబోసినారే" అని గొడవకొస్తే చూపించడానికి. తర్వాత నేను రుచి చూస్తాను. "బాగుంది" అంటే డ్రమ్ము ఎడమ పక్కకి. "పులిసింది" అంటే మామ ఆ మాట ముగిసేలోపు డ్రమ్ముని కాలువలోకి వంచేస్తాడు. పులిసిన డ్రమ్ము నిమిషం ఉంటే పక్కదానికి అంటుతుందని పెద్దాయన భయం. "ఆ పాప చెప్పినాక మళ్లీ ఆలోసన పెట్టుకోవద్దండప్పా" అని ఆయన ఆర్డరు. మామ ఆ ఆర్డరుని దేవుడి మాటలాగా పాటించేవాడు.

ఇట్లా ఉండగా ఆ ఏడు పెద్దాయన అల్లుడు దిగాడు. మేమంతా ఆయన్ని బెంగుళూరల్లుడు అనేవాళ్లం. సన్నగా, కళ్లద్దాలతో, ఎవరో నిద్రలోంచి లేపి తీసుకొచ్చినట్టు ఉండేవాడు. బెంగుళూరులో బీరు చేసే చోట పని నేర్చుకున్నాడట. పెద్ద కంపెనీల బీరు కాదట, చేత్తో కొంచెం కొంచెంగా, ఇంట్లో ఊరగాయ పెట్టుకున్నట్టు చేసే బీరట. ఐసు గది పక్కనున్న చిన్న గదిలో మూడు నెలలుగా ఒక నీలం డ్రమ్ము పెట్టుకుని దానికి సేవ చేస్తున్నాడు. రుచి చూసి నచ్చితే కొనుక్కుపోతామని బెంగుళూరు బీరు వాళ్లు మాటిచ్చారట. అందులో మన బెంగుళూరా కాయ పులుపు కలిపాడు, పరదేశం నుంచి తెప్పించిన ఏవో ఎండు పూలు వేశాడు. ఆ పూలు నాకు ఒకసారి చూపించాడు. పచ్చగా, పొరలు పొరలుగా, చిన్న చిన్న మొగ్గల్లాగా ఉన్నాయి. నలిపి వాసన చూస్తే నారింజ తొక్క, దాని వెనక వేపపూత.

పెద్దాయనకి ఇదంతా మహా చిరాకు. షెడ్డు మధ్యలో నిలబడి అందరికీ వినపడేటట్టే అనేవాడు.

"పులిసిపోతే మేము పారబోస్తాము. ఈయప్ప పులిసిపోయేదానికని మూడు నెల్లు కాసుకోని కూసున్నాడు. పులుపునీళ్లు తాగేదానికి బెంగుళూరు నుంచి కారేసుకోని వస్తారంట! సరే, రానీ. వాళ్లు బాగలేదనిన మరుదినం నువ్వొచ్చి కాటా కాడ కూసోవాల, అల్లుడా. లారీలు తూకమేయాల."

అల్లుడు "సరే మామా" అని నెమ్మదిగా అనేవాడు. బెంగుళూరు వాళ్లు రేపొస్తారనగా, ముందు రోజు పొద్దున ఆ అల్లుడు తన నీలం డ్రమ్ముని తానే దొర్లించుకుంటూ నా స్టూలు దగ్గరికి వచ్చాడు.

రాత్రి వాన పడి వెలిసింది. షెడ్డు రేకుల మీంచి ఇంకా చుక్కలు రాలుతున్నాయి. ఎండ పసుపు నీళ్లు చల్లినట్టుంది.

"అమ్మీ, నీ నాలిక అబద్ధం చెప్పదంట గదా. దీన్ని రుచి సూసి చెప్తావా?"

"అయ్యో సామీ, మాయమ్మ నన్ను చంపేస్తాది. బీరు గదా అది!"

"మింగొద్దులే. నోట్లో తిప్పుకోని ఉమ్మేయ్. ఎట్లుండాదో నిజం చెప్పు, చాలు. ఈడ నాకు నిజం చెప్పేవాళ్లు ఎవరూ లేరు."

ఆ చివరి మాట ఆయన అన్న తీరుకి నేను కాదనలేకపోయాను. అలవాటు కొద్దీ ముందు సాక్షి సీసా నింపి, మూత బిగించి, చీటీ అంటించి మామ చేతికిచ్చాను. మామ దాన్ని ఐసు గదిలో పెట్టి వచ్చి, అలవాటు కొద్దీ డ్రమ్ము పక్కన నిలబడి దాని అంచు మీద చెయ్యి వేశాడు. అల్లుడు నేను చెప్పేది రాసుకోవడానికని అటు తిరిగి చొక్కా జేబులో పెన్ను వెతుక్కుంటున్నాడు. నేను గరిటెతో తీసి నోట్లో పోసుకున్నాను.

ఆ తర్వాత ఏం జరిగిందో ఇప్పటికీ నెమ్మదిగా, నీళ్ల అడుగునుంచి చూస్తున్నట్టు కనబడుతుంది నాకు. మొదట చల్లదనం. తర్వాత చిన్నప్పుడు కొమ్మ మీద కూర్చుని ఉప్పు అద్దుకుని కొరికిన పిందె పులుపు, రెండు దవడలూ లోపలికి లాక్కునేంత. అది తగ్గుతుండగా చేదు వచ్చింది. మందు చేదు కాదు, ఉగాది పచ్చట్లో పంటి కింద పడ్డ వేపపువ్వు చేదు. దాని వెనకనే నారింజ తొక్క, వాన పడ్డాక కొండ మీంచి దిగే గడ్డివాసన. నా కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. అప్పుడు నాలుక కొసన చీమ నడిచింది. ఒక చీమ కాదు, తిరునాళ్లకి పోతున్నట్టు వెయ్యి చీమలు.

నా నోరు నన్ను అడక్కుండానే, రెండేళ్లుగా రోజూ అనే మాటే అనేసింది.

"పులిసింది."

ధభీమని చప్పుడు. కళ్లు తెరిచేసరికి నీలం డ్రమ్ము బోర్లా పడుంది. బంగారు రంగు నీళ్లు నురగలు కక్కుకుంటూ కాలువలో పోతున్నాయి. పెన్ను చేతిలో పట్టుకుని అల్లుడు వెనక్కి తిరిగాడు. ఆ మొహం నేను మర్చిపోలేను. ఊరంతా చూస్తుండగా రథం చక్రం విరిగినవాడి మొహం. ఆ వాసన షెడ్డంతా నిండిపోయింది. కోత బల్లల దగ్గర కత్తులు ఆగిపోయాయి.

"ఏందిమే ఈ వాసన, పెండ్లింట్లో మాదిరి!" అంది ఒకామె.

"ఏం చేసినావప్పా!" అన్నాడు అల్లుడు. అరవలేదు పాపం. అరిచినా బాగుండేది.

మామ చేతులు దులుపుకుంటూ, "పాప పులిసిందనె, నేను పారబోస్తి. ఇందులో నా తప్పు యాడుండాది సామీ?" అన్నాడు. నిజమే, ఏమీ లేదు.

పెద్దాయన వచ్చాడు. బోర్లా పడ్డ డ్రమ్ముని చూశాడు, కాలువ గట్టు మీద తల పట్టుకు కూర్చున్న అల్లుణ్ణి చూశాడు, నన్ను చూశాడు. అల్లుణ్ణి రోజూ తిట్టే మనిషి ఆ రోజు ఆయన్ని ఏమీ అనలేదు. నా వైపు తిరిగి అన్నాడు. "పులిసిన దానికీ పులియబెట్టిన దానికీ తేడా తెలీని నాలిక నాకెందుకుమే? రేపు వాళ్లొచ్చి ఉత్తచేతులతో పోతారు గదా, ఆ పొద్దే నువ్వు కోత బల్లకి పో. స్టూలు తీసేయండప్పా."

ఇంటికి పోతే మా అమ్మ గుమ్మంలోనే నా కొంగు వాసన చూసి ముక్కు ముడుచుకుంది. "ఏందే ఇది?" అంది. "కాయలు పులిసినాయి మా" అన్నాను. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. నాకు అన్నం సయించలేదు. స్టూలు పోతుందన్న బాధ ఒకటి, ఆ మనిషి మూడు నెలలు నా ఒక్క మాటతో కాలువలో పోయాయన్న బాధ ఒకటి.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీకి పోయి, కడసారి కదా అని ఐసు గదిలో అర తుడుస్తుంటే చేతికి తగిలింది. నేనే రాసిన చీటీ, నా కోడిగీతల అక్షరాలు. నిన్నటి సాక్షి సీసా. లోపల బంగారం రంగు, మెడ దగ్గర తెల్లటి నురగ. నేను దాన్ని కొంగులో చుట్టుకుని, పాలు తాగే బిడ్డని ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చి అల్లుడి చేతిలో పెట్టాను. ఆయన సీసాని చూశాడు, నన్ను చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

బెంగుళూరు వాళ్లు ఇద్దరొచ్చారు. ఒకాయనకి గడ్డం, ఇంకొకాయన పొట్టిగా ఉన్నాడు. మూత తీస్తే "టప్"మని ఎగిరి రేకులకి తగిలింది. గాజు గ్లాసుల్లో తలా కొంచెం పోశారు. గడ్డమాయన వెలుతురుకి పెట్టి చూశాడు, వాసన చూశాడు, ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. నాకు తెలుసు ఆయన ఎక్కడున్నాడో. నేనూ నిన్న అక్కడికే పోయొచ్చాను.

"దీన్ని మొదట ఎవరు రుచి చూసింది?" అని అడిగాడాయన తెలుగులో, కన్నడ యాసతో.

అందరూ నన్ను చూశారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ముందు పిందె పులుపు, తర్వాత ఉగాది వేపపువ్వు, ఆ పైన నారింజ తొక్క, వాన కొండ, చివర చీమల తిరునాళ్లు. ఆయన జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. నేను చెప్పిన మాటలు ఒకరు రాసుకోవడం నా జన్మలో అదే మొదలు. (ఇప్పుడు నేను చెప్తుంటే మా పాప రాస్తోంది కాబట్టి ఇది రెండోసారి.)

"సరే, డ్రమ్ము యాడుంది? మొత్తం తీసుకుపోతాం" అన్నాడు పొట్టాయన.

డ్రమ్ము మామ గొంతు సవరించుకుని, ఎంతో మర్యాదగా చేయి చాపి చూపించాడు. "కాలవలో ఉండాది సార్. ఈపాటికి చెరువు దాంకా పోయింటాది."

మొదట నవ్వింది గడ్డమాయన. తర్వాత పొట్టాయన. ఆ తర్వాత, నమ్మండి, మా బెంగుళూరల్లుడు. కాలువ గట్టు మీద కూర్చుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. పెద్దాయన మాత్రం నవ్వకుండా గ్లాసులో మిగిలిన చుక్కని వేలితో అద్దుకుని నాలుక మీద రాసుకున్నాడు. మొహం అష్టవంకర్లు తిప్పాడు.

"అబ్బా! పులిసిందే ఇది!"

"అదే గదా సామీ నేను చెప్పింది" అన్నాను, ఎక్కడి నుంచి వచ్చిందో అంత ధైర్యం.

ఆయన లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకున్నాడు. "చెప్పింది రైటే గదప్పా" అని మామ వైపు తిరిగి, "స్టూలు యాడ పెట్టినారు? తెచ్చి ఏయండి" అన్నాడు.

అల్లుడు ఆ వారమే బెంగుళూరు పోయాడు, ఆ గడ్డమాయన దగ్గర పనికి. కాటా దగ్గర కూర్చోలేదు. ఏటా మామిడి కాలంలో వచ్చి కాయలు ఏరుకుని పోయేవాడు. వచ్చినప్పుడల్లా నా స్టూలు దగ్గర ఆగి, "మళ్లీ ఆ రుచి కుదర్లేదు అమ్మీ" అనేవాడు. ఒకసారి ఒక సీసా తెచ్చి చూపించాడు కూడా. బాగానే ఉంది, పులుపుంది, చేదుంది. కొండ లేదు. ఆ మాటే చెప్పాను. తలూపి వెళ్లిపోయాడు.

ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఆ స్టూలు అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడది మా వంటింట్లో ఉంది. పొట్టి కాలు కింద మడిచిన అట్టముక్క పెట్టుకుని, దాని మీద కూర్చుని పిల్లలు తెచ్చిన పులుసులో ఉప్పు చాలిందో లేదో చెప్తుంటాను. నా తీర్పులకి ఇప్పుడెవరూ డ్రమ్ములు వంచరు, మహా అయితే ఇంకో చిటికెడు ఉప్పు వేస్తారు.

ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకి చెప్పలేదు, పెద్దాయనకి చెప్పలేదు, మామకి అసలే చెప్పలేదు. ఆ రోజు నోట్లో తిప్పుకుని ఉమ్మేశానని అందరూ అనుకున్నారు. ఉమ్మలేదు. మింగేశాను. మింగాక నేను అనాలనుకున్న మాట "పులిసింది" కాదు. "ఇంకొంచెం పొయ్యి సామీ" అని. ఇరవై ఒక్కేళ్ల పిల్ల, స్టూలెక్కిన గొప్పతో ఉన్న పిల్ల, ఆ మాట అనలేకపోయింది. ఈ రోజు వాన పడింది. కిటికీలోంచి గడ్డి వాసన వస్తోంది. స్టూలు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఆ పిల్ల తరఫున నేనే మెల్లగా పైకి అన్నాను, "ఇంకొంచెం" అని. రాయడం ఆపి పొయ్యి దగ్గరికి పోయిన మా పాప విని, పులుసు గరిటె పట్టుకుని వచ్చింది.