చెల్లెలు వద్దన్న బ్రెడ్డు

మొన్న రక్తపరీక్ష కోసం నంద్యాలలో ఒక ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంటే, ఎదుటి బెంచీ మీద ఒక తల్లి బిడ్డను ఒడిలో వేసుకుని, స్టీలు గ్లాసులోని పాలలో బ్రెడ్డు ముక్క ముంచి, మెత్తబడ్డాక వేళ్లతో తీసి నోట్లో పెడుతోంది. బిడ్డకు జ్వరం కాబోలు, కళ్లు మూసుకునే మింగుతోంది. అందులో వింతేమీ లేదు. జబ్బు మనిషిని చూడబోతే చేతిలో బ్రెడ్డు ఉండాలన్నది మన తరం వాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేని మర్యాద. అయినా నేను అక్కడ కూర్చోలేకపోయాను. లేచి మెట్ల దగ్గరికి పోయి గోడ పట్టుకుని నిలబడ్డాను, లోపల నా పేరు పిలిచినా వినపడలేదు.

మాది ఆళ్లగడ్డ పక్కన ఒక పల్లె. నేను పెద్దదాన్ని, నా తర్వాత చెల్లెలు, ఆ తర్వాత తమ్ముడు. నాయనకు కొంచెం నల్లరేగడి చేను ఉండేది, అందులో జొన్న, కొర్ర పండించేవాడు. పొద్దున జొన్నరొట్టె, మధ్యాహ్నం కొర్రన్నం, వేడివేడి పప్పు, ఊరిమిండి అని మేము పిలిచే రోట్లో నూరిన శనక్కాయల పచ్చడి, ఇంతే మా తిండి. వరి అన్నం క్రిస్మస్‌కో, దూరపు చుట్టాలు వస్తేనో వండేవాళ్లు. అటువంటి ఇంట్లోకి గోధుమ వచ్చే దారే లేదు. అది మాకు బడిలోనే పరిచయమైంది. మధ్యాహ్నం పూట బడిలో గోధుమరవ్వ ఉప్మా పెట్టేవాళ్లు. పెద్ద గంగాళంలో ఉడుకుతున్న ఆ ఉప్మా వాసనకు పలకల మీద అక్షరాలు కూడా తిన్నగా వచ్చేవి కావని మాతో చదివిన వాళ్లెవరైనా ఉంటే ఒప్పుకుంటారు. చెల్లెలికి అదంటే ప్రాణం. నా ఆకులోది కూడా సగం దానికే పెట్టేదాన్ని.

బడిలో చేరిన ఏడాదికే చెల్లెలు చిక్కిపోవడం మొదలుపెట్టింది. కాళ్లు చేతులు పుల్లల్లాగా అయ్యాయి, కడుపు మాత్రం ముందుకు వచ్చింది. రోజుకు ఎన్నిసార్లు చెంబు పట్టుకుని చేలోకి పరుగెత్తేదో దానికే తెలియదు. పురుగులన్నారు, దిష్టి అన్నారు, చర్చిలో అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, నాటువైద్యుడు చేదుమందు తాగించాడు. ఎండాకాలం సెలవుల్లో కాస్త తేరుకుని మాతో పాటు ఆటలకు వచ్చేది, బడి తెరిచిన కొన్నాళ్లకు మళ్లీ మంచం ఎక్కేది. చదువు దిగులు పెట్టుకుందని నాయన అనేవాడు. దిగులు దానికి కాదు, మాకు. చివరికి నంద్యాల ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి డాక్టరు బిడ్డకు బలం లేదని, పాలు, బ్రెడ్డు, మాల్టు పొడి బాగా పట్టించమని చెప్పాడు.

బ్రెడ్డు మా ఇంటికి మించిన తిండి. నాయన దాన్ని ఎట్లా తెచ్చేవాడో తెలియదు గాని, రోజూ తెచ్చేవాడు. అమ్మ పాలలో ముంచి నోటి దగ్గర పెట్టేది. చెల్లెలు మొహం గోడ వైపు తిప్పుకునేది.

“వద్దుమా. ఇది తింటే కడుపులో నొప్పి పుడతాది. కొర్రన్నం పెట్టుమా.”

“కొర్రన్నం తింటే ఏం బలమొస్తాది బంగారూ? డాక్టరు చెప్పినాడు గదా. తిను, బిరీన ఇంటికి పోదాం.”

ఇంటికి పోదామనే ఆ మాట కోసం అది తినేది. తిని, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకునేది. ఆ వానాకాలం దాటలేదు. అప్పటికి దానికి పదేళ్లు కూడా నిండలేదు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, చెల్లెలి మాట ఎవరు ఎత్తినా అమ్మ కళ్లు తుడుచుకుని ఒకే మాట అనేది, “కడాకు నా చేత్తో మంచి తిండే పెట్టుకున్న్యా తల్లీ, దానికేం తక్కువ చేయల్యా” అని. ఆ ఒక్క మాటను పట్టుకునే ఆమె మిగిలిన బతుకంతా నడిచింది.

నేను చదువుకుని టీచరునయ్యాను. నంద్యాలలో ఉద్యోగం, అక్కడే పెళ్లి, ఇద్దరు పిల్లలు. నాకు నలభై దాటాక కడుపు చెడింది. ఏది తిన్నా నిలిచేది కాదు. పాఠం మధ్యలో చాక్‌పీసు బల్ల మీద పెట్టి బయటికి పరుగెత్తాల్సి వచ్చేది, పిల్లలు మొదట నవ్వేవాళ్లు, తర్వాత నవ్వడం మానేసి నా మొహం చూసేవాళ్లు, ఆ చూపే ఎక్కువ బాధగా ఉండేది. ఆళ్లగడ్డకు బస్సెక్కాలంటే ముందురోజు నుంచే తిండి మానేసేదాన్ని, అయినా సగం దారిలో సిరివెళ్ల వచ్చేసరికి చెమటలు పట్టేవి. రక్తం లేదని సూదులు వేశారు. ఇంట్లో కాలుజారి పడితే మణికట్టు విరిగింది. నా వయసుకు ఎముకలు ఇట్లా ఉండకూడదన్నారు. ఈలోపు చక్కెర కూడా ఉందని తేలి, రాత్రిపూట అన్నం మానేసి చపాతీలు తినమని ఒక డాక్టరు చెప్పాడు. మా ఆయన ఎంత శ్రద్ధ గల మనిషంటే, నేను బడి నుంచి అలిసిపోయి వస్తానని తానే పిండి కలిపి చపాతీలు చేసి పెట్టేవాడు. నేను మందు మింగినట్టు మింగేదాన్ని. మనిషిని సగమైపోయాను.

చివరికి కర్నూలులో ఒక లేడీ డాక్టరు ఏవో రక్తపరీక్షలు రాసి, గొంతులోంచి గొట్టం వేసి చూసి, ఇది సీలియాక్ అనే జబ్బు అని చెప్పింది. గోధుమలో ఉండే ఒక పదార్థం నా పేగుకు పడదట, తిన్నప్పుడల్లా పేగు లోపలి పొర దెబ్బతింటుందట, ఇక బతికినన్నాళ్లూ గోధుమ, మైదా, రవ్వ, బార్లీ ముట్టకూడదట. మందు లేదట. ఇన్నేళ్లకు జబ్బుకు ఒక పేరు దొరికిందని నాకు ఏడుపుతో కూడిన సంతోషమే వచ్చింది. ఆమె రాసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది, “మీ రక్తసంబంధంలో ఎవరికన్నా చిన్నప్పుడు ఇట్లా ఉండిందామ్మా? కడుపు ఉబ్బి, మనిషి చిక్కిపోయి?”

మా ఆయన లేదన్నాడు. ఆయనకు తెలియదు. నేను చీటీ తీసుకుని లేచాను.

ఆ ఆదివారం ఆళ్లగడ్డకు పోయాను. బస్సులోనే అనుకున్నాను, అమ్మకు నా సంగతి వరకే చెప్పాలని. నాయన అప్పటికి లేడు, అమ్మ అక్కడ మా తమ్ముడి ఇంట్లో ఉండేది. నేను పోయేసరికి వాకిట్లో చేటతో కొర్రలు చెరుగుతోంది.

“ఏమనిందిమే డాక్టరు?”

“గోధుమ పడదంటమా నాకు. చపాతీ, బ్రెడ్డు, బన్ను ఏదీ తినగూడదంట.”

చేట ఆగింది. అమ్మ చదువుకోలేదు గాని, ఆమెకు ఏదీ విడమరిచి చెప్పాల్సిన పని ఉండేది కాదు.

“అది రకతంలో వస్తాదా?”

“ఏమోమా, నేనడగల్యా.”

“నువ్వు అడగకుండా వచ్చేదానివి కాదులే.” చేటలోంచి ఒక రాయి ఏరి పడేసి అంది, “వద్దుమా అని చెప్పె గదమే అది. నోరిడిచి చెప్పె. నేనే కుక్కితి.”

“నీకేం తెలుసుమా. డాక్టర్లకే తెలియకపాయ.”

“డాక్టర్లు కన్న్యారా దాన్ని?”

అంతే. చేట మళ్లీ కదిలింది. ఆ రోజు గాని ఆ తర్వాత గాని అమ్మ ఏడవడం నేను చూడలేదు. కడాకు నా చేత్తో పెట్టుకున్న్యా అనే మాట మాత్రం మళ్లీ ఎన్నడూ ఆమె నోట వినలేదు. నెలకోసారి నేను ఆళ్లగడ్డకు పోయినప్పుడు, చర్చిలో ప్రభువు భోజన సంస్కారం నాడు రొట్టెముక్కల పళ్లెం వరసలో వచ్చేది. నేను ముట్టేదాన్ని కాదు, నా పేగు ఒప్పుకోదు. విశ్వాసముంటే ప్రభువు రొట్టె హాని చేయదమ్మా అని అయ్యగారు నాకు మెల్లగా చెప్పి చూశారు. అమ్మకు ఏ జబ్బూ లేదు. అయినా నా పక్కన కూర్చుని ఆమె కూడా పళ్లెం అట్లాగే పక్కవాళ్లకు అందించేది. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పేది కాదు. పోయేవరకు అంతే.

గోధుమ మానేస్తే చాలనుకున్నాను. కొన్ని నెలలు తేరుకున్నాను కూడా. రాయలసీమలో పుట్టిన మనిషికి గోధుమ లేకపోతే ఏమి లోటు, జొన్నరొట్టె తిని బతుకుతానని ధైర్యంగా చెప్పుకున్నాను. మళ్లీ కడుపు తిరగబెట్టింది. ఎంత వెదికినా కారణం దొరకలేదు, ఒకరోజు జొన్నలు పట్టించడానికి పోయి మిల్లులో నిలబడితే, నాకన్నా ముందు వాళ్లు పోసిన గోధుమల పిండి గొట్టంలోంచి ఇంకా రాలుతోంది. ఇంగువలో గోధుమపిండి కలుపుతారని అప్పటివరకు నాకు తెలియదు. రసంలో, ఆవకాయలో, పప్పులో వేసే చిటికెడు ఇంగువ నన్ను మూడు రోజులు మంచంలో పడేసేది. తర్వాత పాలు పడలేదు, పెరుగు పడలేదు. ఆ తర్వాత శనక్కాయలు. శనక్కాయ లేకుండా మా వైపు చట్నీ లేదు, పొడి లేదు, వంకాయ కూర లేదు. అది ఎందుకు పడటం లేదో డాక్టరు కూడా చెప్పలేకపోయింది. కొందరికి అట్లా అవుతుందమ్మా, మానేయండి అంది. మానేశాను. మానేస్తూ పోతే చివరికి నా పళ్లెంలో అన్నం, ఉడికించిన బీరకాయ, ఉప్పు మిగిలాయి. మా ఆయన నాతో పాటు అదే తినేవాడు. రుచిగానే ఉందనేవాడు. నాలుగేళ్ల కింద ఆయనా పోయాడు.

ఇప్పుడు నంద్యాలలో పెద్ద దుకాణాల్లో కొర్రలను అందమైన పొట్లాలలో పెట్టి అమ్ముతున్నారు, ఆరోగ్యానికి మంచిదని చదువుకున్న వాళ్లు కొంటున్నారు. మా చిన్నప్పుడు కొర్రన్నం తింటామని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్లం. నాయన చేనులో ఇప్పుడు మొక్కజొన్న వేస్తున్నారు. నేను టీవీలో విన్నాను, ఈ జబ్బును ఇప్పుడు చిన్నపిల్లల్లోనే కనిపెడుతున్నారట. మంచిదే. వినగానే టీవీ కట్టేశాను.

మా వైపు ఎవరింటి గడప తొక్కినా తిని పొమ్మనడమే పలకరింపు. ఆ మాట అనకపోతే చుట్టరికం తెగిపోయినట్టు లెక్క. నాకు ఈ జబ్బు తేలిన కొత్తలో నేను వద్దంటే అలిగేవాళ్లు, మా ఇంట్లో అన్నం ముద్ద కూడా పనికిరాదా అని నిష్ఠూరాలాడేవాళ్లు. తర్వాత పాపం, ఇంగువ లేకుండా, శనక్కాయ లేకుండా నా కోసం విడిగా వండి పెట్టిన వాళ్లూ ఉన్నారు. అది తిన్నాక కూడా నేను జబ్బు పడితే, ఏ గరిటె దేనికి తగిలిందో తెలియక వాళ్లే భయపడిపోయారు. మొన్న ఆళ్లగడ్డలో తమ్ముడి మనవరాలి పేరు పెట్టే వేడుకకు పోతే, పంక్తిలో భక్షాలు వడ్డిస్తున్న పిల్లకు మా మరదలు దూరం నుంచే కేక వేసింది, పెద్దమ్మకు ఏమీ పెట్టొద్దు, ఏదీ పడదు అని. ప్రేమతోనే అంది. ఇప్పుడు ఎవరింటికి పోయినా నేను నోరు తెరవకముందే గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇస్తారు. తాగి, కాసేపు కూర్చుని, పోయొస్తానని లేస్తాను. తిని పొమ్మని ఎవరూ అనరు.