చిత్రశాలలో చెంగు ఊపిన మధ్యాహ్నం

దెయ్యాలంటే నవ్వేసే రకం నేను. ఇప్పటికీ అంతే. విజయనగరంలో సైన్సు మాస్టారుగా పనిచేసిన రోజుల్లో, దెయ్యం పట్టిందని బడి ఎగ్గొట్టిన పిల్లల్ని నాలుగు చీవాట్లతో దారిలో పెట్టినవాణ్ణి. కాబట్టి ఇది చదివి మాస్టారికి చాదస్తం వచ్చిందనుకోకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను. నమ్మడం, మానడం మీ ఇష్టం.

అరవైల చివరి మాట. మాది భావనపాడు, సముద్రం మీద బతికే కుటుంబం. మా ఇంట్లో చదువుకుని ఉద్యోగంలో చేరింది నేనొక్కణ్ణే. అక్క నీలమ్మని ఊళ్ళోనే ఇచ్చారు. ఆ ఏడు ఉన్నట్టుండి గాలివాన లేచింది. వేటకి వెళ్ళిన తెప్పలన్నీ ఎలాగోలా ఒడ్డు చేరాయి, మా బావా ఆయన తమ్ముడూ వెళ్ళిన తెప్ప తప్ప.

ఊరి పెద్దలు కూర్చున్నారు. వచ్చే అమావాస్య దాకా చూద్దాం, రాకపోతే నీలమ్మ గాజులు తీయించేద్దాం అని తేల్చేశారు. వాళ్ళని తప్పు పట్టను. శవమైనా దొరకని మనిషి కోసం ఎన్నాళ్ళని ఎదురుచూస్తారు? అక్క మాత్రం ఆ మాట చెప్పడానికి వచ్చినవాళ్ళ ముఖాన తలుపేసింది. ఏడవలేదు. మర్నాడు బస్సెక్కి విజయనగరంలో మా ఇంట్లో దిగింది.

"ఒరే తమ్ముడా, నువ్వు సదూకున్నోడివి. ఒరిస్సా రేవులకి కబురెట్టించు. మీ బావ ఏ ఒడ్డునో పడుంటాడు," అంది.

నాకు తెలిసిన అధికారి ఒకాయన ఉండేవారు. వెంటనే అక్కని వెంటబెట్టుకుని వెళ్ళాను. అయ్యగారు భోజనం చేసి వస్తారు, మధ్యాహ్నం రమ్మన్నాడు గుమాస్తా. అక్కేమో ఆ వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. అందాకా ఊరు చూపిస్తే కాస్త మనసు మళ్ళుతుందనుకున్నాను. నా పిచ్చి గానీ, ఆ మనసు దేనికి మళ్ళుతుంది?

ముందు పక్క వీధిలో రాతి విగ్రహాలు పెట్టిన మ్యూజియానికి వెళ్ళాం. అక్క ఒక్కదాని వంకైనా చూడలేదు. అక్కణ్ణుంచి చిత్రశాలకి తీసుకెళ్ళాను. ఒక జమీందారు తన పాత బంగళాలో రంగుల చిత్రాలు పెట్టి జనాన్ని రానిచ్చేవాడు. గోడల నిండా దొరలు, దొరసానులు, గుర్రాలు. అక్క తల దించుకుని నా వెనకే నడుస్తోంది.

చివరి గదిలో గోడంత సముద్రం బొమ్మ ఉంది. మా తాతలు పుట్టకముందు ఎవరో తెల్లదొర వేసిందట. లేచిన అలల మధ్య ఒక చిన్న పడవ. వెనక తెడ్డు పట్టుకుని ఒక మనిషి. ముఖం మనకి కనపడదు, వీపే కనిపిస్తుంది.

అక్క ఆగిపోయింది. "తెడ్డు సంకలో ఎట్టుకుని నిలబడ్డాడు సూడు. మీ బావేరా," అంది.

నేను మాస్టారిలా మొదలుపెట్టాను. అక్కా, ఇది నూనె రంగులతో వేసిన బొమ్మ, చాలా పాతది అని. ఆవిడ వింటేనా! చెంగు లాగి, కుడివైపుకి గట్టిగా ఊపడం మొదలుపెట్టింది.

మా ఊళ్ళో అదొక అలవాటు. ఒడ్డు దగ్గర అలలు విరిగే చోట తెప్ప తిరగబడుతుంది. అందుకని ఒడ్డున నిలబడిన ఆడవాళ్ళు, ఎటు అలల పోటు తక్కువగా ఉంటే అటు చెంగు ఊపుతారు. అది చూసి మగవాళ్ళు తెప్పని తిప్పుకుంటారు. అక్క ఆ పని చిత్రశాలలో చేసింది. "ఇటు! ఇటు తిప్పు!" అని అరుస్తోంది. చూడవచ్చినవాళ్ళు మూతికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను.

అరుపులకి కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు. ఖాకీ కోటు, కుడి చేతికి తెల్ల గుడ్డ కట్టు. ఆ చెయ్యే అడ్డం పెట్టి, "బొమ్మలకాడ ఇలాటియి సేయకూడదమ్మా," అని అక్క చెంగు కిందికి దించేశాడు. బయటికొచ్చాక అక్క, "తిప్పినాడు. ఇంక పరవాలేదు," అంది, అంతే. నేను మళ్ళీ లోపలికెళ్ళి చూశాను. బొమ్మ ఎలా ఉన్నదీ అలాగే ఉంది. లేనిది ఉందని చెప్పను.

అధికారిగారు కబురు పంపిస్తానన్నారు. పంపారో లేదో తెలీదు. ఏ జవాబూ రాలేదు. అమావాస్యకి పెద్దలతో వాదించడానికి అక్కతో పాటు ఊరెళ్ళాను. చిత్రశాల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, పరువు తక్కువని. అక్కా చెప్పలేదు.

అమావాస్య నాడు పొద్దున్నే గాజులు తీయించడానికి ఊరి ఆడవాళ్ళు వాకిట్లో చేరారు. అక్క గడప మీద కూర్చుని, ఎవరొస్తారో రండి అన్నట్టు చూస్తోంది. అప్పుడు వీధి చివర కేకలు వినపడ్డాయి. బావా, ఆయన తమ్ముడూ నడిచి వస్తున్నారు. గడ్డాలు పెరిగి, పెదాలు పగిలి, ఎముకలు తేలి. అప్పుడు ఏడ్చింది అక్క. నేనూ ఏడ్చాను.

అన్నం తింటూ బావ చెప్పాడు. తిండీ నీళ్ళూ లేక తెడ్డు వదిలేద్దామనుకున్నాడట. పొద్దు నడినెత్తిన ఉందట. ఒడ్డు మీద నీలమ్మ కనిపించి, కుడివైపుకి చెంగు ఊపిందట. అటు తిప్పితే ఒరిస్సా ఇసక తగిలిందట. అక్కడి బెస్తవాళ్ళు గంజి పోసి, జ్వరం తగ్గేదాకా ఉంచుకున్నారట. తోడెళ్ళిన తమ్ముడికి మాత్రం ఒడ్డు మీద ఎవరూ కనపడలేదు.

దాహంతో ఉన్నవాడికి ఏవేవో కనిపిస్తాయి, అది నాకు తెలుసు. నోటి వరకూ వచ్చిన ఆ మాట అనబోతుంటే, బావ చెయ్యి కడుక్కుంటూ నన్ను అడిగాడు.

"ఒరే, ఆ కాకీ కోటోడు ఎవుడురా? సేతికి కట్టున్నాది. ఆడొచ్చి దీని సెంగు దించీసినాడు."

ఇన్నేళ్ళుగా దీన్ని ఎన్ని రకాలుగా విప్పి చూసినా, ఆ చేతి కట్టు దగ్గరకొచ్చేసరికి నా సైన్సు ఆగిపోతుంది.

ఆ తర్వాత ఒకసారి బావ పనిమీద విజయనగరం వచ్చాడు. చిత్రశాలలో జరిగిందంతా చెప్పి, ఆ బొమ్మ చూపిస్తాను రమ్మన్నాను. మొండి మనిషి, చిత్రశాల గేటు దగ్గరే నిలబడిపోయాడు.

"నాను రాను. అక్కడ ఒకసారి ఉన్నాను కదా, సాలు," అన్నాడు.